పలాస స్టేషన్: ముందు కావలసినవి

హౌరా–చెన్నై ప్రధాన మార్గంలోని పలాస స్టేషన్ రైల్వే స్టేషన్లను ఆధునికీకరించే అమృత్ భారత్ పథకానికి ఎంపికైంది. కాశీబుగ్గ వ్యాపారులు, జీడిపప్పు కార్మికులు, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లెల జనం, విశాఖ ఆసుపత్రులకు తిరిగే కిడ్నీ రోగులు రైలెక్కేది ఇక్కడే. డయాలసిస్ చేయించుకుని వచ్చిన మనిషికి వంతెన మెట్లెక్కడమంటే కొండెక్కడమే. కమ్మీ పట్టుకుని, నాలుగు మెట్లకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. అలాంటివారికి ముఖద్వారం సొగసుకన్నా లిఫ్టు ముఖ్యం. ప్యాసింజరు ఆగే ప్లాట్‌ఫారం పొడవునా నీడ, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి ఆ తర్వాతి అవసరాలు.

పలాసకు దగ్గరలోని టెక్కలి స్టేషన్‌ది వేరే దారి. అది నౌపడ–గుణుపూర్ శాఖా మార్గంలో ఉంది. 1900లో పర్లాకిమిడి వరకు నారోగేజీగా మొదలైన ఈ లైను 2011 నాటికి బ్రాడ్‌గేజీ అయింది. ఈ లైను ప్రధాన మార్గాన్ని కలిసే నౌపడలో రైలు మారేవారికి రెండు బండ్ల వేళలూ కలవాలి. అందుకు సిమెంటు, ఇటుక అక్కర్లేదు, టైంటేబుల్ సవరిస్తే చాలు.