నల్లరేగడికి ఏ డీజిల్ జీపు?

పల్నాడులో సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ల చుట్టూ ఒకవైపు సున్నపురాయి క్వారీల గతుకుల బాటలు, మరొకవైపు పత్తీ మిరపా పండే నల్లరేగడి ఉన్నాయి. వానకు తడిసిన ఆ రేగడి టైర్లకు చుట్టుకున్నప్పుడు, వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే బండి దిగబడిన చోటనే ఉండిపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు పాతదైనా ఇక్కడ పనికివచ్చేది అందువల్లనే. కొనేవారు సాధారణంగా రంగు, టైర్లు, సీట్లు చూసి బేరమాడతారు గాని, ఆ బండి మున్ముందు పెట్టించబోయే ఖర్చును నిర్ణయించేది బానెట్ కింద ఉన్న డీజిల్ ఇంజన్.

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో ఈ రంగంలోకి వచ్చింది. ఆనాటి జీపులు పెట్రోలువి. ఫ్రాన్సుకు చెందిన ప్యూజో ఇంజన్ల తయారీకి 1979లో లైసెన్సు లభించిన తరువాత, ఎక్స్‌డీపీ 4.90 అనే 2112 సీసీ డీజిల్ ఇంజన్ మహీంద్రా జీపులలో విరివిగా కనిపించింది. 4 అంటే నాలుగు సిలిండర్లు, 90 అంటే ఒక్కొక్క సిలిండరు వ్యాసం 90 మిల్లీమీటర్లు. దీని తరువాత వచ్చిన 2498 సీసీ ఎక్స్‌డీ3పీ కూడా ఆ కుటుంబానిదే. రెండవ వంశం ట్రాక్టరుది. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో ఏర్పడిన ట్రాక్టరు సంస్థ నుంచి వచ్చిన ఇంజన్ పరంపరలోనే ఎండీఐ 3200 పుట్టింది. వాడుకలో దీనినే డీఐ ఇంజన్ అంటారు.

ఈ రెండింటి స్వభావాల తేడా సిలిండరు కొలతలలోనే ఉంది. ప్యూజో 4.90లో వ్యాసం, అంటే బోరు, 90 మిల్లీమీటర్లు కాగా, పిస్టన్ ఒక్క విడత కదిలే దూరం, అంటే స్ట్రోకు, 83 మాత్రమే. అందుచేత అది వేగంగా తిరిగినప్పుడే తన సత్తా చూపుతుంది. 2523 సీసీ ఎండీఐలో బోరు 88.9, స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు. పొడవైన స్ట్రోకు గల ఇంజన్ నిదానంగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. రేగడిలో దిగబడిన బండి బయటపడటానికి అక్కరకు వచ్చేది ఈ నిదానపు లాగుడే. రేసు పెంచితే చక్రం తిరిగి మరింత లోతుకు దిగుతుంది.

ఇంధనం మండే పద్ధతిలోనూ ఈ రెండూ వేరు. ప్యూజోలో డీజిల్ సిలిండరు హెడ్‌లోని చిన్న గదిలో ముందుగా అంటుకొని, ఆ మంట పిస్టన్ మీదికి వస్తుంది. దీనివల్ల చప్పుడు తక్కువగా, నడక మృదువుగా ఉంటుంది గాని, ఆ గది గోడల గుండా వేడి ఎక్కువగా నీటిలోకి పోయి డీజిల్ ఖర్చు పెరుగుతుంది, చల్లటి ఉదయాలలో హీటర్ ప్లగ్గులు లేకుండా స్టార్టు కావడం కష్టమవుతుంది. పల్నాడుకు చలి బెడద అంతంతే. వేసవిలో రాష్ట్రంలోకెల్లా తీవ్రమైన ఎండలకు రెంటచింతల పేరు ఏటా వినబడే ప్రాంతంలో అసలు చిక్కు రేడియేటరు మీద పడే భారం. డీజిల్‌ను నేరుగా పిస్టన్ మీదికి చిమ్మే డీఐ పద్ధతిలో వేడి నష్టం తక్కువ, ఇంధనం ఆదా. అందుకు చెల్లించే మూల్యం, మాట వినబడనివ్వని మోత. ట్రాక్టరు ఇంజన్లు విప్పి బిగించడం అలవాటైన మెకానిక్కుకు దీని నిర్మాణం కొత్తగా కూడా ఉండదు.

మూడవది సీఆర్‌డీఈ. ఇందులో అధిక పీడనంతో డీజిల్ నిల్వ ఉండే ఉమ్మడి గొట్టం నుంచి, కంప్యూటరు ఆజ్ఞ మేరకు నాజిళ్లు తెరుచుకుంటాయి. 2010లో వచ్చిన మహీంద్రా థార్ జీపు రెండు రకాలుగానూ దొరికింది: డీఐ 63 హార్స్‌పవర్, సీఆర్‌డీఈ 105. అంకెలు చూసి రెండవదే మేలనుకోవడం సహజం. గుంటూరు, హైదరాబాదు దారిలో అది నిజం కూడా. అయితే డీజిల్‌లో నీరు గాని దుమ్ము గాని చేరితే పాత పంపు కొంతవరకు ఓర్చుకుంటుంది, ఈ నాజిళ్లు ఓర్చుకోవు. డబ్బాలలో డీజిల్ తెచ్చి పొలంలో పోసుకునే అలవాటు ఉన్నవారు ఇది మరువకూడదు.

ఇంజన్ రకం తేలిన తరువాత ఆ ఇంజన్ పరిస్థితి చూడాలి. రాత్రంతా ఆగి చల్లబడిన బండినే స్టార్టు చేయించాలి; వేడెక్కించి చూపించే బండిని అనుమానించాలి. ఆయిల్ మూత తీసినప్పుడు పొగ బలంగా ఎగదన్నితే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనే ఆ లక్షణం రింగులో, సిలిండర్లో అరిగాయని చెబుతుంది. నీలి పొగ ఆయిల్ మండుతున్నదనడానికీ, నల్ల పొగ డీజిల్‌కు తగిన గాలి అందకపోవడానికో నాజిళ్లు చెడిపోవడానికో గుర్తు. ముందు చక్రాలకు శక్తి పంపే లివరు ఉన్నంత మాత్రాన సరిపోదు. కమాండర్ వంటి జీపులు ఎన్నో టూ వీల్ డ్రైవ్‌గానే అమ్ముడయ్యాయి గనుక బండి కిందకు దూరి, ముందు ఇరుసులో డిఫరెన్షియల్ ఉన్నదో లేదో కంటితో చూడాలి.

కాగితాల సంగతి ఇంతకంటె బరువైనది. పెట్రోలు జీపులలోనూ, సైన్యం వేలంలో వదిలించుకున్న బండ్లలోనూ తరువాత డీజిల్ ఇంజన్ బిగించినవి తక్కువేమీ కావు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. బ్లాకు మీది నంబరు ఆర్‌సీలోని నంబరుతో కలవకపోతే ఆ పునరుద్ధరణ దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఇంజన్ మార్పు ఆర్‌సీలో నమోదు కాని బండిని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకపోవడమే మంచిది.

పొలానికీ క్వారీకీ తిరిగే బండి కావలసినవారికి డీఐ, తరచు దూర ప్రయాణాలు చేసేవారికి సీఆర్‌డీఈ తగినవి. ప్యూజో బండిని దాని రేడియేటరు, హెడ్ రెండూ మంచి స్థితిలో ఉన్నాయని మెకానిక్ తేల్చి చెప్పినప్పుడే కొనాలి.