మాటలాట కూడా భాషా పాఠమే

తెలుగు బడిపిల్లలు పెద్దల ముందే రహస్యం చెప్పుకోవాలంటే క-భాష అందుకుంటారు. ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి ‘కనీ కపే కరే కమి కటి’ అని గడగడా అడిగితే, అది ‘నీ పేరేమిటి’ అని ఎదుటివాడికి అందాలి. మనం దీన్ని అల్లరి కింద కొట్టిపారేస్తాం. కానీ ఈ ఆట ఆడాలంటే మాటను అక్షరాలుగా విడగొట్టి, ఒక్కటీ జారకుండా, మాట్లాడే వేగంతోనే తిరిగి కూర్చాలి. వినేవాడు అంతే వేగంతో ‘క’లను ఏరిపారేయాలి. వ్యాకరణం చదవని పిల్లలు భాష కట్టుబడిని ఇంత శ్రద్ధగా గమనించే సందర్భం మరొకటి అరుదు. అందుకే పొడుపుకథ, శ్లేష, రహస్య భాష చదువుకు అడ్డు కావనీ, చదువులో భాగమేననీ నా వాదన.

దీనికి కోల్‌కతాలో గట్టి సాక్ష్యమే ఉంది. బెంగాలీ పిల్లలకు అర్థంపర్థంలేని కవిత్వంలోని ఆనందాన్ని రుచి చూపించిన సుకుమార్ రాయ్ మిత్రులతో ‘మండే క్లబ్’ నడిపాడు. అక్కడ చర్చతో పాటు విందు కూడా ఘనంగా ఉండటంతో, ‘మొండా’ అనే మిఠాయి పేరు కలిసొచ్చి అది ‘మొండా క్లబ్’ అయింది. ఈ శ్లేషకు నవ్వుకున్న సభ్యుల్లో సునీతికుమార్ ఛటర్జీ ఉన్నారు, ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఉన్నారు. మొదటివారు 1926లో బెంగాలీ భాష పుట్టుపూర్వోత్తరాల మీద మహాగ్రంథం వెలువరించారు, రెండోవారు 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. సుకుమార్ 1923 సెప్టెంబర్ 10న, 35 ఏళ్లకే కన్నుమూశాడు. తర్వాత ఇంటి ముద్రణాలయం చేజారడంతో, ఆయన భార్య సుప్రభ చిన్నవాడైన కొడుకును తీసుకుని భవానీపూర్‌లోని బకుల్‌బాగాన్‌లో తమ్ముడింటికి చేరింది. ఆ కొడుకే సత్యజిత్ రాయ్.

తాత ఉపేంద్రకిశోర్ 1913లో మొదలుపెట్టగా, తర్వాత ఆగిపోయిన ‘సందేశ్’ పిల్లల పత్రికను కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి సత్యజిత్ 1961లో మళ్లీ తెచ్చాడు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా తుపాకీ కంటే ఎక్కువగా మాటల మడతలను నమ్ముకుంటాడు. ఒక కథలో ఇనప్పెట్టె తాళం అంకెలు చిలుక పలుకులో దాగి ఉంటాయి. కొన్ని బెంగాలీ ధ్వనులు, కొన్ని ఇంగ్లీషు ధ్వనులు. రెండు భాషలూ చెవికి పట్టిన పాఠకుడికే ఆ ముడి వీడుతుంది. ఆ శ్రద్ధను పరీక్ష పెట్టకుండానే పిల్లల్లో కలిగించగలగడం నాకెంతో గొప్పగా తోస్తుంది.

ఇదంతా చదువుకున్న కుటుంబాల వైభవమని ఎవరైనా అనవచ్చు. మరి కంటిరెప్పలను చప్పుడు చేయని తలుపులుగా ఊహించింది మన పల్లె జనమే కదా! ఆచార్య కసిరెడ్డి వెంకటరెడ్డి పరిశోధనకు తీసుకున్నది ఆ పొడుపుకథలనే. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో ప్రహేళిక ఉంది, సంకేత భాష కూడా ఉంది. ఇక రెండో అభ్యంతరానికి బరువుంది. రహస్య భాష కొందరిని వెలివేస్తుంది, వెక్కిరింతకూ పనికొస్తుంది. నిజమే. తరగతిలో ఒక్కడికి తెలియని భాషలో మిగతావాళ్లు నవ్వుకుంటే ఆ ఒక్కడికి కలిగే బాధ చిన్నది కాదు. కానీ క-భాష తాళంచెవి ఒకే ఒక్క అక్షరం. దాన్ని అందరికీ ఇచ్చేస్తే వెలి ఉండదు, ఆట మాత్రం మిగులుతుంది. నిషేధిస్తే ఆ చెవి మళ్లీ కొందరి జేబుల్లోకే పోతుంది.

తెలుగు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వారానికి ఒక పీరియడ్‌లో పది నిమిషాలు క-భాషకూ, పిల్లలు సొంతంగా కట్టిన పొడుపుకథలకూ ఇవ్వండి. వాటికి మార్కులు మాత్రం వేయకండి.