భూతేశ మహాశూన్యం: లేదని తేల్చడం ఎలా?

వేసవి మొదట్లో రాత్రి తొమ్మిది దాటాక తూర్పున నారింజ ఛాయతో మెరిసే స్వాతి నక్షత్రం భూతేశ మండలానికి చెందినది. ఆ మండలం దిశగానే, కంటికి కనిపించే చుక్కలన్నింటినీ, వాటికి నిలయమైన పాలపుంతను కూడా దాటి సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో గెలాక్సీలు దాదాపుగా లేని ఒక మహాశూన్యం ఉంది. సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోయే కాంతి ఏడాదిలో సాగే దూరమే కాంతి సంవత్సరం. ఆ లెక్కన పాలపుంత అడ్డుకొలత లక్ష కాంతి సంవత్సరాలైతే, ఈ శూన్యానిది 30 కోట్లకు పైమాటే.

అయితే ఇంతటి శూన్యం దూరదర్శినిలో నల్లని మరకలా కనిపించదు. దానికి ముందూ వెనకా ఉన్న గెలాక్సీలు ఆ దిక్కును నింపేస్తాయి కనుక అక్కడి ఆకాశం ఇతర దిక్కుల మాదిరిగానే తోస్తుంది. దీని ఫొటో అంటూ తరచు చలామణీ అయ్యే నల్లని మచ్చ నిజానికి బర్నార్డ్ 68 అనే ధూళిమేఘం; పాలపుంతలోనే కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ మేఘం వెనక చుక్కలు లేకపోలేదు, పరారుణ కాంతిలో చూస్తే అవి బయటపడతాయి.

లేమిని తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్న మన తార్కికులకు కొత్తది కాదు. 'నేల మీద కుండ లేదు' అనే జ్ఞానం ఎలా కలుగుతుందని విచారించిన భాట్ట మీమాంసకులు, అద్వైతులు దానికి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు. అయితే ఉంటే తప్పక కనిపించవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే అది చెల్లుతుందని, చీకటి గదిలో కుండ కనబడనంత మాత్రాన లేదనరాదని నియమం పెట్టారు. ఖగోళ శాస్త్రజ్ఞులు నెగ్గవలసి వచ్చిన పరీక్ష కూడా సరిగ్గా ఇదే.

ఆకాశపటానికి లోతు లేదు. ఆ లోతును ఇచ్చేది అరుణ స్థానభ్రంశం. విశ్వం విస్తరిస్తూ ఉండటం వల్ల దూరపు గెలాక్సీల కాంతి వర్ణపటంలో ఎరుపు వైపు జరుగుతుంది, ఎంత ఎక్కువ జరిగితే ఆ గెలాక్సీ అంత వేగంగా దూరమవుతున్నట్టు, స్థూలంగా అంత దూరాన ఉన్నట్టు. 1981లో రాబర్ట్ కిర్ష్‌నర్, అగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ ఆకాశంలో ఎడమెడంగా ఉన్న మూడు చిన్న ప్రాంతాలలోని గెలాక్సీలకు ఈ కొలత తీసినప్పుడు, సెకనుకు సుమారు 12 వేల నుంచి 18 వేల కిలోమీటర్ల వేగాల మధ్య మూడు చోట్లా ఒకే ఖాళీ కనిపించింది. ఒక్కచోట ఖాళీ వస్తే కాకతాళీయమని తోసిపుచ్చవచ్చు. మూడు చోట్లా ఒకే దూరంలో రావడమే వారిని ఆలోచింపజేసింది, ఆ మూడింటి నడుమ ప్రాంతాన్ని వెదికిన తదుపరి సర్వేలు ఆ అనుమానాన్ని స్థిరపరిచాయి.

మసక గెలాక్సీలు కంటపడకుండా ఉండి ఉండవచ్చు కదా అన్న ఆక్షేపణ సహజమైనదే, కొంతవరకు న్యాయమైనది కూడా. తరువాతి గాలింపులో 1990ల చివరికి ఆ శూన్యంలో అరవై దాకా గెలాక్సీలు దొరికాయి. అంత ఘనపరిమాణంలో మామూలుగా వేలల్లో ఉండవలసినవి పదుల్లో ఉన్నాయన్నమాట. కనుక 'లేవు' అనడం కంటే 'ఉండవలసినన్ని లేవు' అనడమే సరైన మాట.

ఈ లేమికి మూలం విశ్వపు తొలి దశలోనే ఉంది. విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు వెలువడిన కాంతి నేటికీ సూక్ష్మతరంగాల రూపంలో అందుతోంది, అందులోని ఉష్ణోగ్రతా భేదాలు లక్షలో ఒక వంతు మాత్రమే. డబ్బే డబ్బును రాబట్టినట్టు, రవ్వంత ఎక్కువ పదార్థమున్న చోటు గురుత్వాకర్షణతో మరింత పదార్థాన్ని లాక్కుంది, రవ్వంత తక్కువ ఉన్న చోటు ఉన్నదీ పోగొట్టుకుంటూ ఇరుగుపొరుగు కంటే వేగంగా విస్తరించింది. కుంకుడు రసాన్ని గిలక్కొడితే వచ్చే నురగలో బుడగల గోడలకే ద్రవం అంటి ఉన్నట్టు గెలాక్సీలు శూన్యాల అంచులకు చేరాయి, గోడలు కలిసే మూలలలో గెలాక్సీ గుచ్ఛాలు ఏర్పడ్డాయి. భూతేశ శూన్యం అసాధారణంగా పెద్దదే గాని వింత కాదు. విశ్వంలో అధిక భాగాన్ని ఆక్రమించినవి ఇటువంటి బుడగలే.

శూన్యమన్నా పూర్తిగా ఉత్తది కాదు. విశ్వంలోని మామూలు పదార్థాన్నంతా సమంగా పరిచితే పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో ఏడు హైడ్రోజన్ పరమాణువుల పాటి పదార్థం ఉంటుంది. మహాశూన్యాల నడుమ సాంద్రత ఆ సగటులో ఐదో వంతో పదో వంతో కనుక అంతటి గదిలో ఒకటీ అరా మిగులుతాయి.

పాలపుంత కూడా ఇటువంటి ఒక బుడగ గోడకే అంటుకొని ఉంది. 1987లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ గుర్తించిన ఈ స్థానిక శూన్యం విస్తరిస్తూ ఉండటం వల్ల, టల్లీ బృందం తరువాత వేసిన లెక్క ప్రకారం, పాలపుంత దాని నుంచి సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దూరం జరుగుతోంది. ఆ శూన్యం అడ్డుకొలత 15 కోట్ల కాంతి సంవత్సరాలకు తక్కువ కాదన్నది వారి అంచనా. ఇంటి పెరడు వంటి ఈ శూన్యపు సరిహద్దులు, ఎక్కడో 70 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి భూతేశ శూన్యం కంటే గుర్తించడం కష్టం. దానిలో చాలా భాగం పాలపుంత పళ్లెంలోని ధూళి చాటున పడింది, అక్కడ కుండ లేదనడానికి ముందు దీపం వెలిగించవలసి ఉంది. ధూళిని దాటి రాగల రేడియో తరంగాలతో, పరారుణ కాంతితో ఆ పని సాగుతోంది.