వెనక సీటు మాటేమిటి?

మన ఇళ్ళలో బండి కొనడమంటే పిల్లకి సంబంధం చూడటం కంటే పెద్ద తతంగం. ఆఫీసు స్నేహితులు, బావగారు, ఎదురింటి ఇంజనీరింగు కుర్రాడు, అందరూ తలో మాటా చెబుతారు. మైలేజీ ఎంత, పికప్పు ఎలా ఉంది, రేపు అమ్మితే ఎంతొస్తుంది అని నెల్లాళ్ళు చర్చలు నడుస్తాయి. ఇంతా చేసి, పదేళ్ళపాటు ఆ బండి వెనక కూర్చోబోయే మనిషిని మాత్రం "నీకే రంగు ఇష్టమోయ్?" అని ఒక్క ముక్క అడుగుతారు. రంగు తప్ప ఆడవాళ్ళకి బండి గురించి చెప్పడానికి ఏముంటుందని కాబోలు!

ఉంటుందండీ. చాలానే ఉంటుంది.

మా వారు ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే ఒక షెడ్డులో లెక్కలు చూస్తారు. మేముండేది భవానీపురం. దుర్గగుడి కింద 2020లో వేసిన ఫ్లైఓవర్ ఎక్కి దిగి, బందరు రోడ్డున పడి, బెంజి సర్కిల్ దాటి, పటమట మీదుగా వెళ్ళాలి. రానూ పోనూ 20 కిలోమీటర్ల పైచిలుకు. ఇది ఆరు రోజుల సంగతి. ఏడో రోజు సంగతి వేరు. మా వాడు ఇంటర్ హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆదివారం వస్తే ఇల్లు బావురుమంటుంది. అలా మొదలైంది మా షికార్ల సరదా. ఒకసారి మంగినపూడి బీచి, ఒకసారి హంసలదీవి, ఇంకోసారి కొండపల్లి కోట. దారిలో అవనిగడ్డ వైపు మా పుట్టింట్లో భోజనం. పాత బండి మూలుగుతోంది కాబట్టి కొత్తది కొనాలి. అది పనికీ రావాలి, షికారుకీ రావాలి. ఒక్క జీతంలో రెండు బండ్లు కొనే స్తోమత మనకెక్కడిది?

మా వారికి బుల్లెట్ అంటే కాలేజీ రోజుల నుంచి మోజు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అంతకు మించినవాటికి 40 అయింది. "దేవుడే దారి చూపించాడు" అన్నారు ఆయన. మా మరిది అయితే ఏకంగా పాత ఆర్‌ఎక్స్ 100 పట్టుకొస్తానన్నాడు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. పెట్రోలుతోపాటు ఆయిలూ తాగుతుంది. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. దాన్ని మ్యూజియంలో పెట్టుకోవచ్చు గానీ రోజూ బెంజి సర్కిల్ దాటించలేమని చెప్పి ఆ సంబంధం తిప్పి పంపేశాను.

నేను చేసిన మొదటి పని కాగితం మీద లెక్క వేయడం. పప్పులకీ పాలకీ వేసే లెక్కే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నెలకి ఆఫీసుకి 500 కిలోమీటర్లు. రెండు ఆదివారాలు, ఒక్కోటీ 150 చొప్పున 300. మొత్తం 800. పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకోండి. లీటరుకి 60 ఇచ్చే చిన్న బండికి నెలకి 1,470 దాకా అవుతుంది. 50 ఇచ్చేదానికి 1,760. 35 ఇచ్చే పెద్ద బండికి 2,500 దాటుతుంది. చిన్నదానికీ పెద్దదానికీ తేడా నెలకి వెయ్యి పైమాటే. ఏడాదికి 12 వేలు! ఇది వాయిదా కట్టడం అయిపోయాక కూడా వదలని ఖర్చు. పైగా షికారు కోసమని పెద్ద బండి కొంటే, 800లో 500 కిలోమీటర్లు అది ఆఫీసుకే నడుస్తుంది. షికారు సరదాకి పడే సుంకం ఆఫీసు దారిలోనే ఎక్కువ కడతామన్నమాట.

రెండోది బరువు. షోరూముల్లో సీటు ఎత్తు గురించి చెబుతారు కానీ బరువు ఎత్తరు. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్లు, బుల్లెట్ 350 సీటు 805. అంగుళాల్లో చూస్తే ఒకటి దాదాపు 31, ఇంకోటి 31 చిల్లర, ముప్పావు అంగుళం తేడా. బరువు చూడండి మరి. మొదటిది దాదాపు 112 కిలోలు, రెండోది 195. మన కృష్ణా జిల్లా లెక్కలో ధాన్యం బస్తా 75 కిలోలు కదా, ఒకటి బస్తాన్నర, రెండోది రెండున్నర బస్తాలు దాటింది. రోడ్డు మీద ఉరికేటప్పుడు ఆ బరువు హాయిగానే ఉంటుంది, ఎదురుగాలికి చలించదు, నిజం చెప్పాలి. కానీ రాత్రి సందులో తిప్పి ర్యాంపు మీదుగా లోపలికి తోయాలి. వానాకాలం మా పుట్టింటి దగ్గర నల్లరేగడి బురదలో స్టాండు దిగబడితే లేపాలి. అప్పుడు తెలుస్తుంది రెండున్నర బస్తాలంటే ఏమిటో! ఇంకో సంగతి, మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర పెద్ద ఇంజను సెగ కాళ్ళకి తగులుతుంది. ఆ సెగ పెనం ముందు నిలబడే మనకి అలవాటే అనుకోండి, ఆయనకెందుకా బాధ?

"అయితే స్కూటర్ కొనుక్కోక ఈ గొడవంతా ఎందుకమ్మా" అంటారేమో. టౌనులో తిరగడానికి స్కూటరంత సుఖం ఇంకోటి లేదు. 2001లో యాక్టివా వచ్చాక ఎంతమంది ఆడవాళ్ళు సొంతంగా బజారుకీ ఉద్యోగానికీ వెళ్ళగలిగారో మీకూ తెలుసు. కానీ స్కూటరు చక్రాలు 10, 12 అంగుళాలు. మోటారు సైకిలువి 17, 18. పెద్ద చక్రం గుంటని దాటేస్తుంది, చిన్న చక్రం గుంటలోకి దిగుతుంది. డెల్టాలో కాలవ గట్ల రోడ్ల మీద 150 కిలోమీటర్లు తిరిగొస్తే నడుం చెబుతుంది ఆ తేడా. కరెంటు బండి మాటా వచ్చింది. మేముండేది మూడో అంతస్తు, కింద ప్లగ్గు లేదు, అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

మా వారి షెడ్డు పక్కనే బైకులు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆటోనగర్ అంటే లారీలే అనుకుంటాం. 1960ల్లో మొదలైన ఆ పేట చూసే కదా తర్వాత గుంటూరు, విశాఖల్లోనూ ఆటోనగర్లు వెలిశాయి. అక్కడ వెల్డింగు మెరుపుల మధ్య, రేకులు కొట్టే మోత మధ్య, వేలెడంత నట్టు దగ్గర్నుంచి లారీ ఇరుసు దాకా దొరకని వస్తువు ఉండదు. "బాబాయిగారూ, ఏ బండి మంచిదో మీరు చెప్పండి" అని అడిగాను. ఆయన బండి పేరు చెప్పలేదు. "అమ్మాయ్, అవనిగడ్డలో ఆదివారం మధ్యాహ్నం ఆగిపోతే అక్కడి కుర్రాడు బాగుచేయగలిగిందే మంచి బండి" అన్నారు. క్లచ్ కేబుల్, చైను, బ్రేకు షూలు పల్లెటూరి కొట్లో దొరికేవేనా అని ముందే కనుక్కోమన్నారు. ట్యూబు లేని టైర్లున్న బండి చూసుకోమన్నారు. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, ఇంటికి చేరొచ్చు. ట్యూబు ఉన్న టైరయితే ఒక్కసారిగా దిగిపోయి బండి పడేస్తుంది. వెనక ఆడమనిషి ఒకపక్కకి కూర్చుని ఉంటే మరీ ప్రమాదం.

ఈ 'ఒకపక్కకి' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చీర కట్టుకున్న మనం ఎడమ వైపుకి కాళ్ళు పెట్టి కూర్చుంటాం. మన బరువంతా ఒక వైపే ఉంటుంది. పాదాలు ఆనడానికి సరైన పలక ఉండాలి, పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి, కొంగు చక్రంలో పడకుండా శారీ గార్డు ఉండాలి. ఇవేమీ షోరూము వాళ్ళు దయతో ఇచ్చేవి కావు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చదవండి. వెనక కూర్చునే వారికి చేతి పట్టు, కాలి ఊత, దుస్తులు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలని అందులో ఉంది. కుర్రకారు కొనగానే చేసే మొదటి పని 'లుక్కు' పోతుందని ఆ గార్డు ఊడబీకించడం! మా పెద్దమ్మ కొంగు అలాంటి బండి చక్రంలోనే చుట్టుకుంది. బండి నెమ్మదిగా వెళ్తోంది కాబట్టి మోచేయి విరగడంతో పోయింది. ఆర్నెల్లు గరిటె పట్టలేకపోయింది పాపం.

ముందు సీటు కిందకీ వెనక సీటు పైకీ ఉండే రెండు ముక్కల సీట్ల బండ్లున్నాయే, అవి చూడటానికి అందంగానే ఉంటాయి. వాటి మీద చీరతో ఒకపక్కకి కూర్చోవడమంటే గోడ మీద పిల్లిలా కూర్చోవడమే. పొడుగ్గా చదునుగా ఒకే సీటున్నది చూసుకోండి. షికారు వెళ్ళే రోజు చుడీదార్ వేసుకుని రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చోవడం ఇంకా క్షేమం. చున్నీ మాత్రం నడుముకి ముడేసుకోవాలి సుమా. మా అత్తయ్యగారు మొదట్లో ముఖం చిట్లించారు. కారణం చెప్పాక "ఆ ముడేదో గట్టిగా వెయ్యి" అని ఊరుకున్నారు.

టెస్ట్ రైడుకి షోరూము కుర్రాడు మా వారొక్కరినే ఒక చుట్టు తిప్పి తెస్తానన్నాడు. నేనూ ఎక్కుతానన్నాను. వింతగా చూశాడు. చూడనీండి. రెండు స్పీడు బ్రేకర్లు ఎక్కించి దించమన్నాను, ఒకచోట గట్టిగా బ్రేకు వేయమన్నాను. ఒక బండి మీద బ్రేకు పడగానే ఆయన వీపుకి గుద్దుకున్నాను. ఇంకోదాని మీద పాదం పలక అందక కాలు వేలాడింది. ముందు కూర్చున్నాయనకి రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయట! బ్రేకుల గురించి ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతవరకూ ఉన్నవాటికి ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. సెకండ్ హ్యాండు బండి చూసేవాళ్ళు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

హెల్మెట్ మాట చెబితే చాలామందికి విసుగు. జడ నలిగిపోతుందనీ, పూలు పాడవుతాయనీ, "వెనక కూర్చున్నదాన్ని నాకెందుకు" అనీ అంటారు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కారు, వెనక కూర్చున్నవాళ్ళు. పూలు ఊరు చేరాక పెట్టుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలి. చిన్నప్పుడు మా నాన్నగారి చేతక్ మీద మేం నలుగురం ఎక్కేవాళ్ళం, తలుచుకుంటే ఇప్పుడు గుండె జల్లుమంటుంది. చట్టం ప్రకారం వెనక ఒక్కరే. పిల్లాజెల్లాతో వెళ్ళే ఆదివారమైతే బస్సెక్కండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగులో మనకి టిక్కెట్టు లేదు, మగవాళ్ళకే టిక్కెట్టు!

అన్నీ చూసి 125 సీసీ బండి ఒకటి ఖాయం చేశాం. బరువు బస్తాన్నర పైన కాస్త. మా వారు రెండు రోజులు మౌనంగా ఉన్నారు. మూడో రోజు "పోన్లే, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్లు రెండు కొందాం" అన్నారు. నేను ఇంకో షరతు పెట్టాను. నాకు గేర్లు లేని బండి లైసెన్సే ఉంది. గేర్ల బండికి వేరే తీసుకోవాలి. పులిగడ్డ వారధి దగ్గర ఎండకి ఆయనకి కళ్ళు తిరిగితే బండి నడిపి తీసుకురాగలగాలి కదా. ఆదివారం పొద్దున్నే, షెడ్లు తెరవకముందు, ఆటోనగర్ రోడ్ల మీద క్లచ్ వదలడం నేర్చుకుంటున్నాను. ఖాళీ లారీల మధ్య ఎవరూ చూడరు.

ఇన్సూరెన్సు దగ్గరే అసలు చిక్కు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి కట్టాలి. బండి డ్యామేజీకి ఇచ్చే పాలసీ మాత్రం చాలామంది మొదటి ఏడాది తర్వాత వదిలేస్తారు, 'అయిదేళ్ళు ఉందిగా' అని ధీమా. కానీ ఆ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే, మనమెక్కిన బండిదే తప్పయినప్పుడు, వెనక కూర్చున్న మనిషికి నష్టపరిహారం కట్టే బాధ్యత కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. పూర్తి ప్యాకేజీ పాలసీలో అయితే వెనక మనిషీ లెక్కలోకి వస్తుందని 2009లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకి స్పష్టం చేసింది. సొంతదారుకి ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా సొంతదారు నడుపుతున్నప్పటికే, అదీ లైసెన్సు ఉంటేనే. వెనక సీటుకి విడిగా చేర్చమని అడగాలి. అడగకపోతే ఎవరూ చేర్చరు.

బండి తీసుకునే రోజు పూలదండ వేసి, నిమ్మకాయలు తొక్కించాక, షోరూము కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి "శారీ గార్డు తీసేయమంటారా సార్, లుక్కు బాగుంటుంది" అని అడిగాడు. మా వారు నా వైపు చూశారు.

"దాన్ని ముట్టుకోకు బాబూ. ముందు ఆ పాలసీ కాగితం ఇలా ఇవ్వు, వెనక సీటు ఉందో లేదో చూడాలి" అన్నాను.