ముఖపరిచయం విలువ

"ఉద్యోగం రావాలంటే తెలిసినవాళ్ళుండాలి" – హాస్టలు గదుల్లో రోజూ వినిపించే మాటే ఇది. అయితే ఆ తెలిసినవాళ్ళు ఎవరు? ప్రాణస్నేహితులా? దగ్గరి చుట్టాలా?

అమెరికాలోని బోస్టన్ నగరం పక్కనున్న న్యూటన్‌లో, అప్పటికి కొత్త ఉద్యోగాల్లో చేరినవారిని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నే అడిగి, 1973లో ఫలితాలు ప్రకటించాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవారిలో, తరచు కలిసేవారి వల్ల మేలు పొందినవారు నూటికి 17 మందే! మిగతావారికి కబురందించినవారు ఎప్పుడో ఒకప్పుడు కలిసేవారూ, ఏడాదికోసారి కనబడితే గొప్ప అనిపించేవారూను.

కారణం సులభమే. ఒకే క్లాసు, ఒకే మెస్సు, ఒకే కబుర్లు – మన స్నేహితుడికి తెలిసింది మనకూ తెలుసు. ముఖపరిచయమున్నవాడు వేరే లోకంలో తిరుగుతాడు. కొత్త వార్త అక్కడినుంచే రావాలి.

ఈ సూత్రాన్నే యంత్రానికెక్కించినట్టుంటుంది 2003లో మొదలైన లింక్డ్‌ఇన్. మన చదువు, పని అందులో రాసుకుంటాం. మనకు తెలిసినవారు మొదటి వరుస, వారికి తెలిసినవారు రెండో వరుస. ఆ రెండో వరుసే అసలు సంపద! సుమారు 2 కోట్లమంది సభ్యులపై ఐదేళ్ళపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మరీ దగ్గరివారూ కాక, మరీ కొత్తవారూ కాక, నడిమి పరిచయస్తులే ఉద్యోగానికి ఎక్కువ అక్కరకొస్తారని తేలింది.

మేనమామ ఆఫీసరైనవాడికి ఇది లేకపోయినా గడుస్తుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికే ఇది కావాలి. కాని పేరు నమోదు చేసి కూర్చుంటే చాలదు. చేసిన పనే రాయాలి, చేయనిది రాయకూడదు. పెద్దలకు రాసేటప్పుడు "ఉద్యోగం ఇప్పించండి" అనక, "మీ పని ఎలా ఉంటుంది? నేనేం నేర్చుకోవాలి?" అని అడగాలి. ఉద్యోగమిస్తాం, ముందు డబ్బు కట్టమనేవాడికి మాత్రం దూరంగా ఉండాలి.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మన కాలేజీ పేరు చెప్పుకొని ఓ కుర్రవాడో, అమ్మాయో మీకు నాలుగు ముక్కలు రాస్తే, జవాబివ్వండి. మీకది ఐదు నిమిషాల పని. సిఫారసు చేసే దిక్కులేనివారికి అదే మొదటి మెట్టు కావచ్చు.