కోల్‌కతా చలికాలపు బెల్లం: పేరుకు రక్షణ ఉంది, చెట్టెక్కే మనిషికో?

ఈత చెట్టు అంటే మనకు ముందు గుర్తొచ్చేది కల్లు. ఆ తర్వాతే ఈతపళ్లు, ఈత చాపలు, చీపుర్లు. వృక్షశాస్త్రంలో ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అనే ఇదే చెట్టు బెంగాల్‌లో బెల్లం చెట్టు. మన దగ్గర రసం లొట్టిలో పులిస్తే కల్లవుతుంది. అక్కడ పులియక ముందే పొయ్యెక్కించి బెల్లం తీస్తారు. ఆ బెల్లం పేరు నోలెన్ గుర్. కోల్‌కతా మిఠాయిలకు చలికాలంలో వచ్చే పేరంతా దీని చలవే.

నవంబరు సగం దాటాక ఆ నగరంలో మిఠాయి దుకాణాల రంగు మారుతుంది. తెల్లగా ఉండే సందేశ్, రసగుల్లా లేత గోధుమ రంగులోకి తిరుగుతాయి. భీమ్ నాగ్, నకూర్ లాంటి 19వ శతాబ్దపు దుకాణాల్లో జలభరా సందేశ్ లోపల పాకం బదులు పలుచని ఈత బెల్లం ఉంటుంది. కొరికితే గడ్డం మీద కారుతుంది. దక్షిణాన జయనగర్ నుంచి పేలాల ఉండలు, అంటే మోవాలు, లోకల్ రైళ్లలో సియాల్దాకు దిగుతాయి. ఫిబ్రవరి మొదలయ్యేసరికి ఈ సందడి తగ్గుముఖం పడుతుంది.

ఈ వంటకాలకు గుర్తింపు బాగానే వచ్చింది. 2015లో జయనగర్ మోవాకు, 2017లో బంగ్లార్ రసగుల్లాకు, 2025లో నోలెన్ గుర్ సందేశ్‌కు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, దక్కింది. అయినా అసలైన నోలెన్ గుర్ దొరకడం ఏటికేడు కష్టమవుతోందని కోల్‌కతాలో మిఠాయి చేసేవాళ్లూ, కొనేవాళ్లూ అంటూనే ఉన్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే చెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

తాటికి గెల కోసి కల్లు తీస్తారు. ఈతకు అలా కాదు, మొవ్వు కింద కాండాన్నే గీయాలి. బెంగాల్‌లో ఈ పని చేసేవాళ్లను శియులి అంటారు. అక్టోబరులో చెట్టెక్కి, ఒక పక్క మట్టలు నరికి, లోపలి మెత్తని భాగం బయటపడేలా చెక్కి, కొన్నాళ్లు ఆరనిస్తారు. చలి మొదలయ్యాక దాని మీద పలుచగా గీత పెట్టి, వెదురు చీలికతో చేసిన గొట్టం గుచ్చి, సాయంత్రం కుండ కడతారు. తెల్లవారకముందే దించాలి. ఎండ తగిలిందంటే రసం పులుస్తుంది, చక్కెర విరుగుతుంది, బెల్లం గడ్డకట్టదు. అందుకే కుండల్ని రోజూ కడిగి, పొగబెట్టి ఆరబెట్టడం కూడా గీత గీయడమంత ముఖ్యమైన పని.

చెట్టును రోజూ గీయరు. కొన్ని రోజులు విశ్రాంతి ఇచ్చి గీసిన మొదటి రాత్రి దిగే రసాన్ని 'జిరేన్' రసం అంటారు. జిరేన్ అంటే సేద తీరడం. వాసన, రుచి అన్నీ దాంట్లోనే ఉంటాయి. రెండో రాత్రి రసం కొంచెం తక్కువ రకం, మూడో రాత్రిది ఇంకా తక్కువ. మంచి నోలెన్ గుర్ అంటే జిరేన్ రసంతో కాచింది. గీత ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఎదురు పక్క పడుతుంది కాబట్టి పాత చెట్ల కాండం మెట్లు మెట్లుగా, వంకరలు తిరిగి కనిపిస్తుంది. వాటిని లెక్కపెట్టి ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో చెప్పేయొచ్చు.

కిలో బెల్లానికి సుమారు ఎనిమిది నుంచి పది లీటర్ల రసం కావాలి. వెడల్పాటి పెనంలో గంటల తరబడి కాచి, నురుగు తీస్తూ, పాకం ఏ క్షణంలో దించాలో చూసుకోవాలి. పలుచగా దించితే ఝోలా గుర్, ఇంకా కాచి అచ్చుల్లో పోస్తే పాటాలి. చాలా ఇళ్లలో ఈ పొయ్యి దగ్గర పని ఆడవాళ్లది. అమితాబ్ బచ్చన్, నూతన్ నటించిన 'సౌదాగర్' (1973) చూసినవాళ్లకు ఇది గుర్తుండాలి. నరేంద్రనాథ్ మిత్ర బెంగాలీ కథ 'రస్' దానికి ఆధారం. గీత గీసే మగవాడు, బెల్లం కాచడంలో చేయి తిరిగిన భార్యను వదిలేసి అందగత్తెను తెచ్చుకుంటాడు. ఆ తర్వాత అతని బెల్లం ఎవరూ కొనరు. నోలెన్ గుర్ గురించి రాసిన వ్యాసాలెన్నో చెప్పలేని సంగతి ఆ కథలో ఉంది.

ఇంకో మాట. శీతాకాలపు ఉదయాన పచ్చి రసం తాగడం అక్కడ పాత అలవాటు. గబ్బిలాలు కుండల దగ్గర చేరడం వల్ల పచ్చి రసం ద్వారా నిపా వైరస్ సోకినట్టు బంగ్లాదేశ్‌లో పలుసార్లు తేలింది. కాచిన బెల్లానికి ఆ భయం లేదు.

ఇక మోవా. కోల్‌కతాకు దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉన్న జయనగర్ దీనికి పేరు పెట్టింది. పక్కనే ఉన్న బహడు ఊరివాళ్లు పుట్టిల్లు తమదేనంటారు. జయనగర్‌లో 1929లో మొదటి మోవా దుకాణం పెట్టారని చెబుతారు. చూడటానికి మన పేలాల ఉండలాగే ఉంటుంది కానీ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. పేలాలు, నోలెన్ గుర్, నెయ్యి, కోవా, యాలకులు, పైన జీడిపప్పు, కిస్‌మిస్. ఏ పేలాలైనా కుదరవు. కనక్‌చూర్ అనే సువాసన వడ్ల పేలాలే కావాలి. ఇది ఎత్తుగా పెరిగి పడిపోయే రకం, కోతకు ఆలస్యంగా వస్తుంది, దిగుబడి తక్కువ. అధిక దిగుబడి వంగడాలు వచ్చాక రైతులు దాన్ని చాలావరకు వదిలేశారు. మోవా గిరాకీ ఉన్నంతకాలమే కనక్‌చూర్ పొలంలో ఉంటుంది.

అంటే ఒక్క మోవా వెనక నాలుగు వేర్వేరు బతుకులున్నాయి: గీత మనిషి, పొయ్యి దగ్గర మనిషి, వడ్ల రైతు, ఉండ చుట్టే కారిగర్. వీళ్లలో ఎవరు తగ్గినా మిగతావాళ్లు చేసేదేమీ లేదు.

తగ్గుతున్నది మొదటివాడు. శియులీకి చాలాసార్లు చెట్టు సొంతం కాదు. చెట్టున్నవాడికి సీజనుకింతని డబ్బో బెల్లమో ఇచ్చి గీసుకుంటాడు. పని నాలుగు నెలలు, మిగతా కాలం కూలి. జారితే నడుం విరుగుతుంది. కొడుకులు భవన నిర్మాణ పనులకు కేరళకో తమిళనాడుకో వెళితే ఏడాది పొడుగునా కూలి దొరుకుతుంది. మరో పక్క గట్ల మీద, చెరువుల పక్కన ఉండే ఈత చెట్లు ఇటుక బట్టీల్లో కట్టెలుగా పోయాయి. చలి ఆలస్యమైతే, రాత్రులు వెచ్చగా ఉంటే ఉన్న చెట్ల రసమూ చెడుతుంది.

రసం తగ్గినా నగరం ఆకలి తగ్గలేదు. ఆ ఖాళీని పంచదార నింపుతోంది. కాగే రసంలో పంచదార కలిపితే బెల్లం పరిమాణం పెరుగుతుంది, గట్టిగా అచ్చు పడుతుంది, మెరుస్తుంది. వాసన చాలకపోతే సీసాలో ఎసెన్సు ఉంది. తప్పు చేసేవాడు దుర్మార్గుడని తీసిపారేయడం తేలిక. కానీ అసలు బెల్లానికీ కలిపిన బెల్లానికీ సంతలో దాదాపు ఒకే ధర పలికితే పది లీటర్ల రసం కాచి కిలో బెల్లం అమ్మేవాడు ఎన్నాళ్లు నిలబడతాడు? కలిపినవాడు బతుకుతాడు, కలపనివాడు పని మానేస్తాడు.

ఇక్కడ జీఐ ట్యాగ్ ఏం చేయగలదో చూడాలి. 1999లో పార్లమెంటు చేసిన చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. మొదటి గుర్తింపు డార్జీలింగ్ టీకి. ఉత్పత్తిదారుల సంఘమో సంస్థో దరఖాస్తు చేస్తే, ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలో చేసిన సరుకుకే ఆ పేరు అని నమోదు చేస్తారు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పేరు వాడుకోవాలంటే ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. బయటివాళ్లు పేరు వాడితే సంఘమే పట్టుకుని, ఫిర్యాదు చేసి, కోర్టుల చుట్టూ తిరగాలి. కోల్‌కతా ఫుట్‌పాత్‌ల మీద 'జయనగర్ మోవా' బోర్డు ఉన్న ప్రతి బండి వెనకా ఓ చిన్న ఊరి సంఘం పరుగెత్తలేదు.

అంతకంటే పెద్ద లోటు మరొకటి. జయనగర్‌లో ట్యాగ్ పొందింది మోవా తయారీదారుల సంఘం. గీత మనిషి, కనక్‌చూర్ రైతు అందులో ముడిసరుకు ఇచ్చేవాళ్లు మాత్రమే. బెంగాల్, ఒడిశా రసగుల్లా కోసం వాదులాడుకుని 2017లో ఒకరు, 2019లో ఒకరు ట్యాగులు తెచ్చుకున్నారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. పాలు విరగ్గొట్టి ఛేనా చేసి, బుట్టల్లో రైలెక్కించే మనిషి ప్రస్తావన ఆ గొడవలో ఎక్కడా ప్రధానంగా వినిపించలేదు. ట్యాగ్ అంతిమ వస్తువుకు దక్కుతుంది. కరువు మాత్రం మొదటి మెట్టు దగ్గర వస్తుంది.

మనకూ ఇది కొత్త కాదు. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ వచ్చింది. బోర్లించిన కుండ మీద, కొబ్బరాకుల మంట సెగకు కూర్చుని రేకు తీసే ఆడవాళ్లకు పెట్టె ధరలో ఎంత చేరుతుందన్నది ట్యాగ్ పత్రంలో ఉండే విషయం కాదు.

అయితే ఒక విషయంలో తెలుగు నేల అనుభవం బెంగాల్‌కు పనికొస్తుందని నాకనిపిస్తుంది. కల్లు ఎక్సైజ్ పరిధిలోది కాబట్టి ఇక్కడ గీత కార్మికుడు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాడు. సహకార సంఘాలున్నాయి. గీసేవాడికే చెట్టు అనే 'ట్రీ ఫర్ టాపర్' లైసెన్సులున్నాయి. చెట్టు మీంచి పడితే పరిహారం అడిగే దారి ఉంది. తెలంగాణలో 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇచ్చారు. వీటి అమలు మీద గీత సంఘాలకు ఫిర్యాదులున్నాయి, ఉంటాయి కూడా. కానీ అడగడానికి ఒక పేరు, ఒక లెక్క ఉన్నాయి. బెల్లం మీద సుంకం లేదు కాబట్టి శియులీని లెక్కపెట్టాల్సిన అవసరం ఖజానాకు కలగలేదు. మత్తు పానీయం తీసేవాడు ప్రభుత్వానికి కనిపించి, తీపి తీసేవాడు కనిపించకపోవడం విచిత్రమే.

పశ్చిమ బెంగాల్ ఖాదీ బోర్డు నోలెన్ గుర్‌ను ట్యూబుల్లో నింపి అమ్మించింది. త్వరగా పులిసే సరుకు నెలల తరబడి నిలవ ఉంటుంది, దూరం వెళ్తుంది. వాసన తగ్గుతుందనేవాళ్లు ఉన్నారు, అదీ నిజమే కావచ్చు. నిలవ పెంచడం ఒక దారి. ముందే కొనడం ఇంకో దారి. పెద్ద మిఠాయి దుకాణం అక్టోబరులోనే శియులీతో ధర మాట్లాడుకుని, చెట్ల కౌలుకు అడ్వాన్సు ఇచ్చి, జిరేన్ రసం బెల్లానికి విడిగా ఎక్కువ కడితే, అతనికి పంచదార కలపాల్సిన అవసరం సగం తీరిపోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. అసలు సరుకు పరిమితంగానే దొరుకుతుందని, దొరికినన్నాళ్లే అమ్ముతామని దుకాణం, తింటామని కొనేవాడు ఒప్పుకోవాలి. డిసెంబరు మొదట్లోనే ఊరంతా గుట్టలు పోసిన మోవాలు కనిపిస్తే అంత రసం ఎక్కణ్ణించి వచ్చిందని అడగాలి.

ఈ చలికాలంలో కోల్‌కతా వెళ్లేవాళ్లు జనవరి దాకా ఆగడం మంచిది. అప్పటికి చలి ముదిరి రసం చిక్కబడుతుంది. పాటాలి అచ్చు వేళ్లతో నొక్కితే విరగాలి. రాయిలా ఉండి పలుకులు మెరుస్తుంటే పంచదార కలిసిందని అనుమానించాలి. మోవా కొంటే నాలుగైదు రోజుల్లో తినేయాలి. నెల రోజులు చెడదని చెప్పే దుకాణంలో కొనకండి.