జింకల లెక్క చూసే ఉద్యోగం

చేలో జింకల మంద పడితే కలిగే నష్టం సరిహద్దు గ్రామాల రైతులకు కొత్త కాదు. ఆ జింకల సంఖ్యను నేల భరించగలిగినంత మేరకే ఉంచడం స్కాట్లండ్‌లో ఒక వృత్తి. ఆ పని చేసేవారిని అక్కడ స్టాకర్లు అంటారు.

ఈ వృత్తికి కారణం లేకపోలేదు. ఎదిగిన జింకను వేటాడే తోడేలు ఆ దేశంలో కొన్ని శతాబ్దాల క్రితమే అంతరించింది. మంద పెరిగినకొద్దీ లేత మొక్కలు మేతకు బలియై అడవి మళ్లీ మొలవదు. చలికాలంలో మేత చాలక జింకలే మరణిస్తాయి.

స్టాకర్ పని తుపాకితో మొదలు కాదు, లెక్కతో మొదలవుతుంది. దుర్భిణితో కొండవాలులను గాలించి మగ, ఆడ, పిల్లలను వేరువేరుగా లెక్కిస్తాడు. కొరికిన మొక్కల కొనలను, పెంటికలను పరిశీలిస్తాడు. మందలు ఎస్టేటుల హద్దులను ఎరుగవు కనుక, ఇరుగుపొరుగు యజమానులు కూడి ఎన్నింటిని తగ్గించాలో నిర్ణయించుకొంటారు.

వేటనాడు గాలికి ఎదురుగా, తడి నేలపై ప్రాకుతూ సమీపిస్తాడు. గుండును ఆపగల మట్టిగట్టు జింక వెనుక లేనిదే పేల్చరాదు. గురి కుదరకపోతే రిక్తహస్తాలతో మరలవలసిందే. పాలుత్రాగే పిల్లలు అనాథలు కాకుండా వేసవిలో ఆడ ఎర్రజింకల వేటకు చట్టరీత్యా విరామం ఉన్నది. మగజింకలకున్న విరామాన్ని మాత్రం 2023 అక్టోబరులో తొలగించారు.

అటుపై పని మరింత శ్రమతో కూడినది. ప్రేగులు తీసి, రోగలక్షణాలకై గ్రంథులను పరీక్షించి, కళేబరాన్ని కొండ దింపి శీతల గదిలో వ్రేలాడదీయాలి. బరువు, లింగం, వయస్సు నమోదు చేయాలి. ఆ పట్టికయే మరుసటి సంవత్సరపు నిర్ణయానికి ఆధారం.

ఈ పద్ధతి మన దేశానికి యథాతథంగా వర్తించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో కృష్ణజింక ఉన్నది. దానిని చంపడం నేరం. ఒడిషాలోని గంజాం జిల్లా భేట్నోయి ప్రాంతంలో గ్రామస్థులే వాటిని కాపాడుకొంటున్నారు. అయినా స్టాకర్ పనిలో మన రైతు గ్రహించదగినది ఒకటున్నది: లెక్క వ్రాసి ఉంచడం. మంద ఏ నెలలో, ఏ దిక్కునుండి, ఎన్ని తలలతో వచ్చినదో, ఏ పైరు ఎంత పోయినదో తేదీలతో వ్రాసుకొంటే, అటవీశాఖకిచ్చే నష్టపరిహారపు అర్జీకి బలం చేకూరుతుంది.